ఆలిం కోర్సు చదివినవాడికి ఏఐలో చోటుందా?

ప్రశ్న: మా అబ్బాయి ఆలిం (ఇస్లాం ధర్మశాస్త్ర పండితుల) కోర్సు పూర్తిచేశాడు. ఓపెన్ స్కూల్లో ఇంటర్ సీఈసీ కూడా పాసయ్యాడు. ‘ఫత్వాలు కూడా ఏఐ చెప్పేస్తోంది, ఇక ఈ చదువెందుకు’ అంటూ ఆరు నెలల ఏఐ కోర్సుకు ఫీజు కట్టమంటున్నాడు. కట్టమంటారా? - ఒక తండ్రి, కర్నూలు

జవాబు: ఇప్పుడే కట్టకండి. ఆ సర్టిఫికెట్‌తో మీవాడు పోటీ పడాల్సింది బీటెక్ పిల్లలతో. ఇంటర్‌లో లెక్కలు లేకుండా అక్కడ నెగ్గుకురావడం కష్టం.

ఇక ఆలిం చదువెందుకన్న ప్రశ్నకు వద్దాం. ‘చైనా వెళ్లయినా విద్య నేర్చుకోండి’ అన్న మాట హదీసు (ప్రవక్త పలుకు) పేరుతో మీ వాట్సాప్‌కీ వచ్చే ఉంటుంది. పాతకాలపు హదీసు పండితుడు ఇబ్న్ అల్ జౌజీ దాన్ని ఏనాడో కల్పిత హదీసుల్లో చేర్చాడు. నెట్‌లో మాత్రం ఎక్కడ చూసినా అదే. ఏఐ నేర్చుకునేది ఆ నెట్‌లోంచే కాబట్టి పదేపదే కనబడ్డ మాటే దానికి బలమైన మాట. మీవాడు చదివిన శాస్త్రం ఇస్నాద్ చూస్తుంది: ఎవరు ఎవరి దగ్గర విన్నారు, ఆ చెప్పినవాడు నమ్మదగినవాడేనా అని ఒక్కొక్కరినీ నిలదీస్తుంది. ఏఐ ఒక్కోసారి లేని హదీసుకు బుఖారీ (ప్రసిద్ధ హదీసు సంకలనం) నంబరు కూడా తగిలించి ఇస్తుంది. పుస్తకం తెరిస్తే ఆ నంబరు దగ్గర ఇంకేదో ఉంటుంది. అది పట్టుకోవడానికి కోడింగ్ ఒక్కటే చాలదు. అడిగిన చాలా ప్రశ్నలకు తొలినాటి ధర్మశాస్త్ర పండితుడు ఇమామ్ మాలిక్ ‘నాకు తెలియదు’ అనేవారట. ఆ ఒక్క మాట అనడమే ఏఐకి కష్టం!

అలాగని ‘ఫత్వా ఏఐ నిపుణుడు’ అనే ఉద్యోగాలు రాశులు పోసి లేవు. ఉన్నవి అరబ్బీ, ఉర్దూ డేటా సరిచూడటం, అనువాదం, ఇస్లామిక్ ఫైనాన్స్ లాంటివి. వాటికి డిగ్రీ కావాలి. హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ ఉర్దూ వర్సిటీలో బీఏ చూడండి. బోధన ఉర్దూలోనే కాబట్టి మీవాడికి ఇబ్బంది ఉండదు. పైథాన్ అనే కోడింగ్ భాషను ఇంట్లో కూర్చుని ఉచితంగా నేర్చుకోవచ్చు. ఆ తర్వాత హైదరాబాద్ సెంట్రల్ వర్సిటీలో అనువర్తిత భాషాశాస్త్రం ఎంఏకి ప్రయత్నించవచ్చు. అబుధాబి ఏఐ వర్సిటీ పేరు చెప్పి ఊరించేవాళ్లుంటారు. అక్కడి పీజీకి సైన్సు, ఇంజినీరింగ్ పునాది ఉండాలి, మీవాడి దారి అది కాదు.

ఈలోగా ఒక నోటుబుక్ పెట్టించండి. మీరాస్ (వారసత్వ ఆస్తి పంపకం) లెక్కలు రోజుకొకటి ఏఐని అడగమనండి: భార్య, తల్లి, ఇద్దరు కూతుళ్లు, ఒక తమ్ముడు ఉంటే ఎవరికెంత? అది ఎక్కడ తప్పిందో, ఎందుకు తప్పిందో రాసుకోమనండి. రేపు ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే ముందు ఆ పుస్తకమే చూపించవచ్చు.