టెక్ సందేహాలు: ఛార్జింగ్ పిన్ ఇంట్లోనే మార్చుకోవచ్చా?

ప్రశ్న: నా ఆండ్రాయిడ్ ఫోన్ కొని మూడేళ్లయింది. కొన్ని వారాలుగా కేబుల్‌ని ఒక పక్కకి నొక్కి పట్టుకుంటేనే ఛార్జింగ్ ఎక్కుతోంది. పిన్ పోయిందని అర్థమైంది. వీడియోల్లో చూస్తే పది నిమిషాల పనిలా కనిపిస్తోంది. కొత్త పిన్ తెప్పించుకుని నేనే మార్చుకోవచ్చా?

మీరు పిన్ అంటున్నది కేబుల్ పెట్టే పోర్టునే. మీ ఫోన్‌లో ఆ పోర్టు ఒక విడి చిన్న బోర్డు మీద ఉంటే నిక్షేపంగా మార్చుకోవచ్చు. మదర్‌బోర్డుకే, అంటే ఫోన్ ప్రధాన బోర్డుకే, సోల్డరింగ్ చేసి (లోహం కరిగించి అతికించి) ఉంటే మాత్రం ముట్టుకోవద్దు. మీది ఈ రెండింటిలో ఏదో తేల్చుకోకుండా స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకోకండి. అంతకన్నా ముందు, అసలు తప్పు పిన్‌దేనా అన్నది తేలాలి.

‘పక్కకి నొక్కితే ఎక్కుతోంది’ అని నాకు రాసినవాళ్లకు నేను మొదట చెప్పే మాట ఒకటే: టార్చి వేసి పోర్టు లోపలికి చూడండి. జేబులోని నూలుపోగులు, దుమ్ము ఆ రంధ్రంలోకి చేరతాయి. మనం కేబుల్ పెట్టిన ప్రతిసారీ వాటిని అడుక్కి దట్టిస్తూ ఉంటాం. ఏడాది, రెండేళ్లకు అదంతా బూడిదరంగు దళసరి గుడ్డ ముక్కలా గట్టిపడుతుంది. పైనుంచి చూస్తే పోర్టు అడుగే అనుకుంటాం. దాంతో కేబుల్ పూర్తిగా లోపలికి దిగదు, ‘టిక్’మని పట్టదు, కాస్త కదిలిస్తే వదిలేస్తుంది. అదే కేబుల్‌ని ఇంకో ఫోన్‌కి పెట్టి పోల్చండి. మీ ఫోన్‌లో పెట్టినప్పుడు మాత్రమే కేబుల్ చివరి లోహపు అంచు సన్నటి గీతలా బయటికి కనిపిస్తుంటే, లోపల చెత్త ఉన్నట్టే.

మా పిన్ని ఫోన్‌కి ఇలాగే అయింది. నేను వెళ్లేసరికి ఆవిడ కొత్త బోర్డు కూడా తెప్పించి పెట్టుకుంది. వెనక మూత తీసే ముందు ఎందుకైనా మంచిదని టూత్‌పిక్‌తో అడుగున గీరితే, గోరు చివరంత ఉండ ఒకటి ఊడి వచ్చింది. కేబుల్ పెడితే వెంటనే పట్టింది. ఆ కొత్త బోర్డు ఇప్పటికీ కవర్లోనే ఉంది.

శుభ్రం చేసే పద్ధతి తెలుసుకుని చేయండి. ఫోన్ స్విచాఫ్ చేయాలి. చెక్క టూత్‌పిక్ చివరను పలచగా చెక్కుకోవాలి. యూఎస్‌బీ-సీ (టైప్-సీ) పోర్టు మధ్యలో సన్నటి నాలుక లాంటి పలక ఉంటుంది. దానికి రెండు పక్కలా పన్నెండేసి చొప్పున 24 పిన్నులకు చోటు ఉంటుంది. ఆ నాలుకను తాకకుండా, గోడ పక్కగా పుల్ల దించి మెల్లగా బయటికి లాగాలి. సూది, గుండుసూది, సిమ్ తీసే పిన్ పెట్టొద్దు. కరెంటు వచ్చే పిన్ను, దాని పక్క పిన్ను కలిశాయంటే చిన్న రిపేరు కాస్తా పెద్ద రిపేరు అవుతుంది. నోటితో ఊదడం కూడా మంచిది కాదు, తేమ లోపలికి పోతుంది.

తర్వాత అనుమానించాల్సింది కేబుల్‌ని. యూఎస్‌బీ-సీలో అరిగిపోయే స్ప్రింగులు ఫోన్‌లో కాకుండా కేబుల్ తలలో ఉండేలా తయారుచేశారు, చౌకగా మార్చుకోగలిగేది అదే కాబట్టి. ప్రమాణాల ప్రకారం ఈ పోర్టు 10,000 సార్లు పెట్టి తీసినా తట్టుకోవాలి. రోజుకు మూడుసార్లు పెట్టినా తొమ్మిదేళ్లు దాటుతుంది. మూడేళ్లకే అది దానంతటదే అరిగిపోయిందంటే నమ్మడం కష్టం. కింద పడటం, తడవడం, ఛార్జింగ్‌లో ఉండగా కేబుల్ మీద బరువు పడటం లాంటి కారణం ఏదో ఉండి ఉండాలి. అందుకే బాగా పనిచేస్తున్న వేరే కేబుల్, వేరే ఛార్జర్ పెట్టి చూడండి.

ఇంకో పరీక్ష కూడా చేయండి. కేబుల్‌ని ఒకసారి మామూలుగా, ఒకసారి తిరగేసి పెట్టండి. ఈ పోర్టులో సీసీ1, సీసీ2 అని రెండు పిన్నులుంటాయి. కేబుల్ ఎటు తిప్పి పెట్టారో ఫోన్‌కి తెలిసేది వాటివల్లే. వాటిలో ఒకటి పోతే కేబుల్ ఒక వైపు పెట్టినప్పుడే ఛార్జింగ్ ఎక్కుతుంది, తిరగేస్తే ఎక్కదు. శుభ్రం చేశాక, కేబుల్ మార్చాక కూడా ఇలాగే ఉంటే పోర్టు మార్చాల్సిందే. మీ ఫోన్‌కి వైర్‌లెస్ ఛార్జింగ్ ఉంటే దానిమీద పెట్టి చూడండి. అందులో చక్కగా ఎక్కుతుంటే బ్యాటరీ బాగున్నట్టే.

ఇప్పుడు అసలు ప్రశ్నకొద్దాం. పోర్టు ఏ రకమో ఫోన్ విప్పకుండానే తెలుసుకోవచ్చు. సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’లో ఉన్న మోడల్ నంబరు రాసుకోండి. ఫోన్ పేరు ఒక్కటే సరిపోదు, ఒకే పేరుతో వేర్వేరు బోర్డులున్న ఫోన్లు వస్తుంటాయి. ఆ నంబరుతో విడిభాగాలు వెతకండి. ‘ఛార్జింగ్ బోర్డు’ లేదా ‘సబ్ బోర్డు’ అని చిన్న పచ్చ, నీలం, నల్ల బోర్డు కనిపిస్తే మీది స్క్రూలతో అయిపోయే పని. మొబైల్ రిపేర్ చేసేవాళ్లు దీన్నే సీసీ (ఛార్జింగ్ కనెక్టర్) బోర్డు అంటారు, పైన చెప్పిన సీసీ పిన్నులు వేరు. ఒట్టి లోహపు జాక్ ఒక్కటే దొరుకుతోందంటే అది సోల్డరింగ్ పని. ఐఫోన్లలో పోర్టు ఒక పొడవాటి ఫ్లెక్స్ కేబుల్‌కి (రిబ్బన్‌లా పలచగా ఉండి వంగే కేబుల్) ఉంటుంది. దానిమీదే మైకులు కూడా ఉంటాయి, అదంతా ఫ్రేముకి జిగురుతో అంటుకుని ఉంటుంది. సోల్డరింగ్ అక్కర్లేకపోయినా, మొదటిసారి విప్పేవాళ్లకు నేను దాన్ని సిఫారసు చేయను. ఇంట్లోనే రిపేరు చేసుకునేలా తయారుచేసిన ఫెయిర్‌ఫోన్ 5 లాంటి ఒకటి రెండు ఫోన్లలో మాత్రం ఒక్క స్క్రూడ్రైవర్‌తో పోర్టు విడిగా ఊడి వస్తుంది. అన్ని ఫోన్లూ అలా ఉంటే ఈ జవాబు ఇంత పొడుగు ఉండేది కాదు.

మీది సబ్ బోర్డు రకమే అనుకుందాం. ఫొటోలు, కాంటాక్టులు ముందే బ్యాకప్ చేసుకోండి. బ్యాటరీ 25 శాతం కంటే తక్కువకు దిగేదాకా వాడి, తర్వాత స్విచాఫ్ చేయండి. నిండా ఛార్జింగ్ ఉన్న బ్యాటరీకి పొరపాటున గాటు పడితే మంట ప్రమాదం ఎక్కువ. బ్యాటరీ ఇప్పటికే ఉబ్బి ఉంటే ఈ పని ఇంట్లో పెట్టుకోవద్దు. సిమ్ ట్రే తీసేయడం మరవకండి. దాన్ని లోపలే ఉంచి బోర్డును పైకి లాగి విరగ్గొట్టినవాళ్లున్నారు.

వెనక మూత జిగురుతో అంటించి ఉంటుంది. హెయిర్ డ్రయ్యర్‌తో అంచుల వెంబడి, చెయ్యి పెట్టగలిగేంత వేడి చేసి, పలచటి ప్లాస్టిక్ ముక్కతో కొద్దికొద్దిగా తెరవాలి. మూత కాస్త లేచాక ఒక్కసారిగా లాగేయకండి. కొన్ని ఫోన్లలో వేలిముద్ర సెన్సర్ కేబుల్ మూత నుంచి లోపలికి పోతుంది.

స్క్రూల దగ్గర ఎంత ఓపిక పడితే అంత మంచిది. ఒక కాగితం మీద ఫోన్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే టేపుతో అంటించండి. అన్నీ ఒకేలా కనిపిస్తాయి కానీ పొడవుల్లో తేడా ఉంటుంది. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే అది కింద ఉన్న బోర్డులోకి దిగి లోపలి లైన్లు తెంపేస్తుంది. అప్పుడు పోర్టు కొత్తదే ఉంటుంది, ఫోన్ మాత్రం ఆన్ కాదు.

లోపల కనిపించే కవచం తీయగానే బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. మిగతా దేన్నయినా ముట్టుకునేది ఆ తర్వాతే. ప్లాస్టిక్ పుల్లతో అంచు కింద నుంచి పైకి లేపితే చిన్న చప్పుడుతో వస్తుంది. కరెంటు ఉండగా వేరే కనెక్టర్ తీసినా, స్క్రూడ్రైవర్ జారినా మదర్‌బోర్డే పోవచ్చు. ఈ ఒక్కటి మాత్రం ఎంత అనుభవం ఉన్నా దాటవేయకండి.

తర్వాత కింది భాగంలో స్పీకర్ పెట్టె తీస్తే సబ్ బోర్డు కనిపిస్తుంది. దానికి మదర్‌బోర్డు నుంచి వచ్చే వెడల్పాటి ఫ్లెక్స్ ఒకటి, చాలా ఫోన్లలో సన్నటి గుండ్రటి యాంటెన్నా వైరు ఒకటి ఉంటాయి. విప్పేముందు ఫొటో తీసుకోండి. ఆ యాంటెన్నా వైరు చివర చొక్కాలకుండే టిచ్ బటన్ లాంటిది, బియ్యపు గింజకన్నా చిన్నది ఉంటుంది. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు ఛార్జింగ్ బ్రహ్మాండంగా ఎక్కింది కానీ నెట్‌వర్క్ గీతలు పోయాయి. సిమ్ మార్చి చూశాను, రీస్టార్ట్ చేశాను, రెండు గంటలు ఒకటే టెన్షన్. చివరికి మళ్లీ విప్పి చూస్తే ఆ బటన్ పైపైన ఆని ఉంది తప్ప లోపలికి పట్టలేదు. దాన్ని సరిగ్గా మధ్యలో పెట్టి వేలి గోరుతో నిటారుగా నొక్కితే పట్టింది తెలుస్తుంది. పక్కకి ఉండగా నొక్కితే నలిగిపోతుంది.

పాత బోర్డు పోర్టు చుట్టూ రబ్బరు తొడుగు, మైకు దగ్గర చిన్న జల్లెడ ఉంటే వాటిని కొత్తదానికి మార్చండి. మైకు జల్లెడ మర్చిపోతే ఫోన్లో అవతలివాళ్లకు మీ గొంతు సరిగ్గా వినిపించకపోవచ్చు. ఫ్లెక్స్‌ని కూడా దాని చోట సరిగ్గా కూర్చోబెట్టాకే నొక్కాలి.

జిగురు అంటించే ముందు అన్నీ పరీక్షించండి. బ్యాటరీ కనెక్టర్ పెట్టి, ఫోన్ ఆన్ చేసి, కేబుల్‌ని రెండు వైపులా తిప్పి పెట్టి చూడండి. ఒక కాల్ చేయండి. స్పీకరు, వైబ్రేషన్, కంప్యూటర్‌కి పెడితే ఫైళ్లు కనిపిస్తున్నాయా అన్నదీ చూడండి. అన్నీ బాగుంటే ఆఫ్ చేసి మూసేయండి. కొత్త బోర్డు వేసినా ఛార్జింగ్ ఎక్కకపోతే మధ్యలోని ఫ్లెక్స్ మార్చి చూడాలి. అదీ కాకపోతే తప్పు మదర్‌బోర్డు మీది ఛార్జింగ్ ఐసీది (ఛార్జింగ్‌ని నడిపించే చిప్) కావచ్చు. అక్కడితో మీరు ఆగిపోవాలి.

మీ ఫోన్‌కి నీళ్లు, దుమ్ము తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 లాంటి రేటింగ్ ఉన్నా, ఒకసారి విప్పాక నీళ్ల విషయంలో దాన్ని నమ్మకండి.

ప్రశ్న: పోర్టు బయట మార్పించాను. ఛార్జింగ్ ఎక్కుతోంది కానీ ఫాస్ట్ ఛార్జింగ్ రావడం లేదు. కంప్యూటర్ కూడా ఫోన్‌ని గుర్తించడం లేదు. బ్యాటరీ కూడా మార్చాలంటున్నారు.

బ్యాటరీ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. రెండు లక్షణాలూ ఒకేసారి మొదలయ్యాయంటే బోర్డు మీదే అనుమానం. మామూలు ఛార్జింగ్‌కి కరెంటు పిన్నులు, సీసీ పిన్ను పనిచేస్తే చాలు. కంప్యూటర్‌తో మాట్లాడాలంటే డేటా పిన్నులు కావాలి. ఎన్నో ఫోన్లు ఫాస్ట్ ఛార్జర్‌తో బేరం కుదుర్చుకునేది కూడా ఆ డేటా లైన్ల మీదే. అవి అందకపోతే ఫోన్ మామూలు వేగానికి పడిపోతుంది. ఫ్లెక్స్ సరిగ్గా కూర్చోకపోయినా, మీ మోడల్‌కి చెందని బోర్డు వేసినా, ఖర్చు తగ్గించడానికి కొన్ని భాగాలు వదిలేసిన నాసిరకం బోర్డు వేసినా ఇలా జరుగుతుంది. ఫోన్‌తో వచ్చిన అసలు ఛార్జర్, అసలు కేబుల్‌తో ఒకసారి పరీక్షించండి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే, డేటా తీగలు లేని కేబుళ్లు కూడా ఉంటాయి. అయినా రాకపోతే ఆ రిపేర్ చేసినవాళ్ల దగ్గరికే వెళ్లి, పాత బోర్డు మీద ముద్రించిన నంబరుతో కొత్తదాన్ని పోల్చి చూపించమనండి. పాత భాగాన్ని అడిగి తెచ్చుకోవడం అందుకే అవసరం.

ప్రశ్న: నీళ్లు తగలకపోయినా ‘తేమ ఉంది’ అని హెచ్చరిక వచ్చి ఛార్జింగ్ ఆగిపోతోంది. బియ్యంలో పెట్టమంటున్నారు.

బియ్యంలో పెట్టకండి. దాని పొడి, నలకలు పోర్టులోకి చేరతాయి. ఐఫోన్‌ని అలా బియ్యం సంచిలో పెట్టవద్దని ఆపిల్ స్వయంగా తన సూచనల్లో రాసింది. పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని అరచేతికి మెల్లగా తట్టి, గాలి తగిలే చోట వదిలేయండి. పూర్తిగా ఆరడానికి ఒక రోజు పట్టవచ్చు. రోజులు గడిచినా హెచ్చరిక పోకపోతే అది నీరు కాదు. పిన్నుల మధ్య పేరుకున్న మట్టి, చెమట ఉప్పు, పచ్చటి తుప్పు కూడా ఫోన్‌కి తేమలాగే అనిపిస్తాయి. స్విచాఫ్ చేసి, మెత్తటి బ్రష్‌ని 90 శాతానికి మించిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కాస్త తడిపి తుడవండి. బాగా ఆరాకే కేబుల్ పెట్టండి.

ప్రశ్న: నా దగ్గర సోల్డరింగ్ ఐరన్ ఉంది. మదర్‌బోర్డు మీద ఉన్న యూఎస్‌బీ-సీ జాక్ నేనే మార్చగలనా?

ఒట్టి ఐరన్‌తో కుదరదు. పక్కపక్క పిన్నుల మధ్య దూరం 0.5 మిల్లీమీటర్లు, పైగా చాలా జాక్‌లలో కొన్ని పిన్నులు జాక్ కిందే దాగి ఉంటాయి. జాక్ కాళ్లు బోర్డులోని వెడల్పాటి రాగి పొరకు అతికి ఉంటాయి కాబట్టి మీరిచ్చే వేడినంతా అదే లాగేసుకుంటుంది. ఇంకాస్త వేడి పెంచితే పోర్టులోని ప్లాస్టిక్ నాలుక కరుగుతుంది, పక్కనున్న మైకు పోతుంది. సగం కరిగిన దాన్ని లాగితే బోర్డు మీది ప్యాడ్లు (పిన్నులు అతికే చిన్న రాగి బిళ్లలు) కూడా ఊడి వస్తాయి. వేడి గాలితో సోల్డర్ కరిగించే హాట్ ఎయిర్ పరికరం, సోల్డర్ బాగా పట్టేలా చేసే మంచి ఫ్లక్స్, పెద్దగా చూపించే లెన్స్ ఉండి, పాడైపోయిన బోర్డుల మీద నాలుగైదు జాక్‌లు శుభ్రంగా తీసి మళ్లీ పెట్టగలిగాక, అప్పుడు మీ ఫోన్ సంగతి చూడండి.