సిర్కా పరీక్షా, పాప్ స్మియరా, హెచ్‌పీవీనా?

ప్రశ్న: డాక్టరమ్మా నమస్తే, మాది ధర్మాబాద్, నాకు 41 ఏండ్లు, పిల్లల ఆపరేషన్ అయి చాన ఏండ్లయింది. మా ఆశా వర్కర్ తాయి వచ్చి గ్రామీణ రుగ్ణాలయంలో (సర్కారు దవాఖానలో) క్యాంపు ఉంది, గర్భసంచి మూతి క్యాన్సర్‌కి సిర్కా (వెనిగర్) లాంటి మందు పూసి చూస్తరు, పైసలు అక్కర్లేదు రా అంటుంది. నిజామాబాద్‌లో ఉండే మా ఆడబిడ్డేమో ఫ్రీది ఏం పరీక్ష, పాప్ స్మియరో హెచ్‌పీవీ టెస్టో చేయించుకో అంటుంది. తక్కువ ఖర్చులో ఏది నమ్మొచ్చు? మా అత్తమ్మకు 60 ఉంటయి, ఆమెను కూడ తీస్కపోవాల్నా?

జవాబు: క్యాంపుకైతే పోండమ్మా. మీ ఆడబిడ్డ మాట తప్పని కాదు గానీ "తర్వాత నిజామాబాద్ పోయి మంచి టెస్ట్ చేయించుకుంట" అన్నోళ్లు చానమంది ఏదీ చేయించుకోకుండనే ఏండ్లు గడిపేస్తరు.

ఆ సిర్కా పరీక్షను వీఐఏ అంటరు. 3 నుంచి 5 శాతం ఎసిటిక్ యాసిడ్ గర్భసంచి మూతికి అద్ది ఒక నిమిషం ఆగితే తేడా ఉన్నచోట తెల్లగ అయితది, కొంచెం చురుక్కుమంటది అంతే. ల్యాబ్ వద్దు, ట్రైనింగ్ అయిన నర్సు చాలు, రిజల్ట్ అక్కడికక్కడే. కాకపోతే చూసేటోళ్లని బట్టి ఉంటది, మామూలు ఇన్ఫెక్షన్‌కి కూడ తెల్లబడొచ్చు, అందుకని పాజిటివ్ అనంగనే క్యాన్సర్ అని ఏడ్వకండి. నెలసరి రోజుల్లో మాత్రం పోవద్దు.

పాప్ స్మియర్‌ అంటే కణాలు గీకి స్లైడ్ మీద ల్యాబ్‌కి పంపాలె, చదివేటోళ్లు గట్టిగ ఉండాలె, రిపోర్ట్ కోసం మళ్ల తిరగాలె, మూడేండ్లకోసారి ఇదే పని. మన దిక్కు ఊర్లకి ఇదే కష్టం అని నా అభిప్రాయం.

హెచ్‌పీవీ టెస్ట్ క్యాన్సర్ తెచ్చే వైరస్‌నే పట్టుకుంటది. మీ మరాఠ్వాడాలోనే, అప్పటి ఉస్మానాబాద్ జిల్లాలో 1999లో మొదలుపెట్టి 1.3 లక్షల మంది ఆడోళ్ల మీద ఈ మూడింటినీ పోల్చి చూసిన్రు, 2009లో ఫలితం వచ్చింది, హెచ్‌పీవీ ఒక్కసారి చేసిన గుంపులో ఈ క్యాన్సర్ చావులు దాదాపు సగానికి తగ్గినయి, సిర్కా గానీ పాప్ గానీ ఒక్కసారే చేసిన ఊర్లల్లో చెప్పుకోదగ్గ తేడా రాలే. అట్లని సిర్కా దండగ అనకండి, ముంబై బస్తీలల్లో టాటా మెమోరియల్ వాళ్లు రెండేండ్లకోసారి అదే చేసుకుంట పోతే చావులు 31 శాతం తగ్గినయి, చేసింది డాక్టర్లు కూడ కాదు, ట్రైనింగ్ ఇచ్చిన హెల్త్ వర్కర్లు! అంటే సిర్కా ఒక్కసారి చేయించి మర్చిపోతే లాభం లేదు. సర్కారు లెక్కలో 30 నుంచి 65 ఏండ్ల దాక అయిదేండ్లకోసారి, నన్నడిగితే మీరు మూడేండ్లకే పోండి.

చేతిలో పైసలున్ననాడు ఒక్కసారి హెచ్‌పీవీ చేయించుకోండి, నెగెటివ్ వస్తే కనీసం అయిదేండ్లు నిశ్చింత. సిగ్గుపడేటోళ్లకి శాంపిల్ సొంతంగ తీసుకునే బ్రష్ కూడ ఉంటది. పాజిటివ్ వస్తే మొగుడితో లొల్లి పెట్టుకోకండి, ఈ వైరస్ పెండ్లయినోళ్లల్లో చాన మామూలు, ఎక్కువమందికి ఒకటి రెండేండ్లల్ల దానంతటదే పోతది.

అత్తమ్మకు సిర్కా పరీక్ష పనికిరాదు, ముట్లుడిగినంక చూడాల్సిన భాగం లోపలికి పోతది, ఆమెకు హెచ్‌పీవీ లేకుంటే పాప్. ఒకవేళ ఆమెకు ఇప్పుడు రక్తం మరక కనబడుతుంటే క్యాంపులు, టెస్టులు పక్కన పెట్టి సీదా గైనకాలజిస్ట్ దగ్గరికి తీస్కపోండి.