మూడు డైలాగుల అమ్మాయికి

చిరంజీవి అమ్మలుకు,

ఆశీస్సులు. నీ ఉత్తరం చేరింది. సీరియల్లో వేషం దొరికిందన్న సంతోషం మొదటి వాక్యంలో ఉంటే, "మూడే డైలాగులు అత్తయ్యా" అన్న దిగులు రెండో వాక్యంలోనే ఉంది. తల్లిగా, వదినగా, పక్కింటావిడగా, డాక్టరుగా ముప్పై ఏళ్లు నటించి బతికినదాన్ని. ఆ దిగులు ఎంత బరువుగా ఉంటుందో తెలుసు కాబట్టే వెంటనే జవాబు రాస్తున్నాను.

మూడు డైలాగులు సరే, ఆ సన్నివేశంలో ఎంతసేపు కనిపిస్తావో చూసుకున్నావా? భార్యాభర్తలు వాదించుకుంటున్నంతసేపూ నువ్వు ఆ గదిలోనే ఉంటావు. వాళ్లలో ఎవరి మాట నమ్మాలో ప్రేక్షకులు సగం నీ ముఖం చూసే తేల్చుకుంటారు. టీవీలో క్యారెక్టర్ ఆర్టిస్టు పనిలో ముఖ్యభాగం అదే. ఒక టేకును మరో టేకుతో కలపడానికి ఎడిటరుకు మధ్యలో ఎవరిదో ఒక ముఖం కావాలి. నిజంగా వింటున్న మనిషి ముఖాన్నే అతను ఎంచుకుంటాడు. తన వంతు కోసం లోపల డైలాగు వల్లించుకుంటున్న మనిషి కళ్లు ఖాళీగా ఉంటాయి. రంగస్థలం మీద అది వెనక వరుసలకు తెలియకపోవచ్చు గానీ క్లోజప్‌లో దాగదు. కాబట్టి నీ మూడు మాటలతో పాటు మిగతావాళ్ల మాటలు కూడా చదువుకుని వెళ్లు. పక్కనుంచి డైలాగు అందించే ప్రాంప్టింగ్ ఉంటుందిలే అన్న ధీమా వద్దు. చెవి అందించేవాళ్ల వైపు ఉంటే ఎదురుగా ఉన్న మనిషిని వినలేవు.

ఇంకో సంగతి నాకు ఒక తువ్వాలు నేర్పింది. మొదట గది మొత్తం కనిపించేలా మాస్టర్ షాట్ తీశారు. కొడుకు "వెళ్లిపోతున్నాను" అనగానే నేను తువ్వాలు మడిచి కుర్చీ మీద పెట్టాను. తర్వాత నా క్లోజప్. అదే మాటలు, అదే చోటు. కన్నీళ్లు గ్లిజరిన్ లేకుండానే వచ్చాయి. అంత బాగా నేను అంతకుముందెప్పుడూ చేయలేదు. ప్రసారమైన రోజు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చూస్తే, ఆ చోట నా వీపు మాత్రమే కనిపించింది. ఎడిటరును అడిగితే రెండు షాట్లూ పక్కపక్కన వేసి చూపించాడు. క్లోజప్‌లో తువ్వాలు మడవకుండా గుండెకు హత్తుకునే ఉన్నాను. రెండూ అతకవు. ఆ కన్నీళ్లు ఎవరూ చూడలేదు.

ఆ మర్నాడే ఒక చిన్న నోటుపుస్తకం మొదలుపెట్టాను. నువ్వూ పెట్టుకో. సన్నివేశం నంబరు, కట్టుకున్న బట్టలు, గడియారం ఏ చేతికి ఉంది, ఏ మాట దగ్గర లేచావు, ఏ మాట దగ్గర చేయి కదిపావు, అన్నీ రాయి. ఒక షాటుకూ మరో షాటుకూ అతుకు కుదిరిందా అని, అంటే కంటిన్యుటీ, చూసే సహాయ దర్శకుడు ఫొటోలు తీసుకుంటాడు, నిజమే. కానీ నీ మనసు ఆ క్షణాన ఎక్కడుందో ఫొటోలో పడదు. గుమ్మం బయట ఏడ్చిన ఘట్టం ఈ రోజు తీసి, గుమ్మం దాటి లోపలికొచ్చే ఘట్టం పది రోజుల తర్వాత తీస్తారు. ఆ ఏడుపు ఏ స్థాయిలో ఆగిందో నీకు గుర్తుండాలి.

ఎదుటివాళ్ల క్లోజప్ తీస్తున్నప్పుడు నువ్వు ఫ్రేములో ఉండవు. చాలామంది అప్పుడు వెళ్లి కూర్చుంటారు, వాళ్ల బదులు ఎవరో సహాయకుడు డైలాగు చదివేస్తాడు. నువ్వు మాత్రం కెమెరా పక్కనే, వాళ్ల చూపు లెన్సుకు దగ్గరగా పడేచోట నిలబడి, నీ షాటులో ఎంత ఇచ్చావో అంతా మళ్లీ ఇవ్వు. నన్ను అందరికంటే ఎక్కువసార్లు పిలిపించినవాళ్లు తోటి నటులే. దానికి ఇదొక్కటే కారణమని గట్టిగా నమ్ముతాను.

నీ ముఖం గుండ్రమనీ, ఒక కన్ను చిన్నదనీ రాశావు. అమెరికన్ నటుడు పీటర్ ఫాక్ మూడేళ్ల వయసులోనే కుడి కన్ను పోగొట్టుకుని, కృత్రిమ కన్నుతోనే జీవితమంతా నటించాడు. 1968లో తొలిసారి వేసిన కొలంబో అనే డిటెక్టివ్ పాత్రకు తన సొంత రెయిన్‌కోటే తొడుక్కున్నాడు. ఆ కోటూ ఆ చూపూ లేకుండా కొలంబోను ఊహించలేం. నీ దగ్గర ఉన్నదాన్ని దాచకు. వయసు సంగతీ అంతే. ముప్పై రెండేళ్లప్పుడు, నాకంటే మూడేళ్లే చిన్నవాడికి తల్లిగా వేయమన్నారు. రాత్రంతా ఏడ్చి పొద్దున్నే ఒప్పుకున్నాను, తర్వాత ఒక్కరోజు కూడా చింతించలేదు. అమెరికన్ నటి మార్గో మార్టిన్‌డేల్‌కు సహాయనటిగా మొదటి ఎమ్మీ, అంటే అక్కడి టీవీ అవార్డు, 2011లో వచ్చేసరికి అరవై ఏళ్లు. మన వేషాలకు వయసు పెట్టుబడి, అమ్మలూ. అయితే ఒకే రకం పాత్ర వరసగా మూడోసారి వస్తే మాత్రం, నడకో గొంతో ఒకటి మార్చనిస్తారా అని ముందే అడుగు. కుదరదంటే ఆలోచించుకో.

డబ్బు గురించి క్లుప్తంగా చెబుతాను. రోజుకు ఎంత, నెలకు ఎన్ని రోజులు, కాల్షీట్, అంటే నీకిచ్చిన షూటింగు రోజు, రద్దయితే ఏమిస్తారు, డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. మొహమాటపడకు. నన్నొకసారి "అక్కయ్య ఊరెళ్లింది" అన్న ఒక్క డైలాగుతో కథలోంచి తీసేశారు. ఆ సంగతి ప్రసారంలో చూసి తెలుసుకున్నాను. వచ్చే నెల ఆదాయాన్ని ఈ నెల ఖర్చులో కలపకు. ఈ వృత్తిలో పని లేని నెలలు అందరికీ వస్తాయి. వాటిని నీ ప్రతిభకు తీర్పుగా తీసుకుంటే కుంగిపోతావు, ఆ బాధ నేను పడ్డాను.

సెట్టులో నీ పిలుపు కోసం గంటల తరబడి కూర్చోవాల్సి వస్తుంది. ఫోనులో మునిగిపోకుండా ఆ సన్నివేశంలోకి నువ్వు ఎక్కడినుంచి వస్తున్నావో ఆలోచించుకో. వంటగదిలోంచా, నిద్రలోంచా, తలుపు చాటు నుంచి అంతా వినేశాకా? స్క్రిప్టులో అది రాయరు.

నీ సన్నివేశం కాగితాలు నాకు పంపు, ఎదుటివాళ్ల డైలాగులతో సహా. ఆదివారం ఫోన్ చేస్తాను. భార్యాభర్తలిద్దరి మాటలూ నేను చదువుతాను, నువ్వు విను.

మీ అత్తయ్య