దివాణమా, దివానమా?

సందేహం: మాస్టారూ, మా తాతగారు "జమీందారుగారి దివాణం" అనేవారు. మా అబ్బాయి ఎక్కడో "దివానం" అని చూసి అదే కరెక్ట్ అంటున్నాడు. దివాన్ మంచం, దివానా కూడా ఈ మాటేనా?

సమాధానం: నేను తాతగారి పక్షమేనమ్మా. దుకాన్ మన నోట్లో పడి దుకాణం అయినట్టే, పారసీలో కచేరీ, దర్బారు అనే అర్థమున్న దివాన్ దివాణం అయింది, మరి మైదాన్ మైదాణం ఎందుకు కాలేదని మీవాడు అడిగితే నా దగ్గర సూత్రం లేదు, అందుకని దివానం తప్పని కొట్టెయ్యను గానీ అర మార్కు కోస్తా. మంచం ఆ దర్బారు పరుపుల్లోంచే వచ్చింది. దివానా వేరు, పారసీలో దేవ్ అంటే దయ్యం, అది పట్టినవాడు. ఇరాన్ రాజు ఒకాయన లెక్కలు గొణుక్కుంటున్న గుమాస్తాల్ని చూసి పిచ్చోళ్ళన్నాడనీ అలా ఆఫీసుకి దివాన్ అని పేరొచ్చిందనీ ఇబ్న్ ఖల్దూన్ అనే పాతకాలపు అరబ్బు చరిత్రకారుడు రాశాడు, కథ బావుంది, నమ్మకండి.

దివాన్‌కి పాత ఇరాన్ భాషల పండితులు ఎక్కువమంది చూపించే మూలం "దిపి", అంటే రాత. పడమటి ఇరాన్‌లో బెహిస్తూన్ కొండ మీద పారశీక చక్రవర్తి దరియస్ క్రీ.పూ. 520 ప్రాంతంలో మూడు భాషల్లో చెక్కించిన శాసనంలో "ముందుముందు ఈ దిపిని చూసేవాడా, దీన్ని పాడుచెయ్యకు" అని ఉంటుంది. రాలిన్సన్ అనే ఇంగ్లీషు సైనికాధికారి 1830ల నుంచి ఆ కొండెక్కి నిచ్చెన మీద నిలబడి అక్షరాలు ఎక్కించుకున్నాడు, బాబిలోనియన్ భాగం మాత్రం అందక 1847లో ఒక కుర్దు కుర్రాడు రాతి సందుల్లో మేకులు కొట్టుకుంటూ తాడుకి వేలాడి తడి కాగితం అద్ది అచ్చు తీసిచ్చాడు. వాడి పేరు దొర రాసుకోలేదు, నాకు ఇప్పటికీ కోపమే.

ఆ దిపి కూడా ఇరాన్ వాళ్ళ సొంతం కాదు. ఇరాన్, ఇరాక్‌ల పాత భాషల్లో చూస్తే, ఎలామైట్‌లో తుప్పి, దానికి ముందు అక్కాడియన్‌లో తుప్పు (మన ఇనుప తుప్పు కాదు!), దానికీ ముందు సుమేరియన్‌లో దుబ్, అంటే మట్టిపలక. ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న అశోకుడి షాబాజ్‌గఢీ శాసనంలో "ధ్రమదిపి" (ధర్మం గురించిన రాత) అనే ఉంది, మన కర్నూలు వైపు ఎర్రగుడిలో "ధమ్మలిపి", అంటే ఆ దిపే మన లిపి. పూయడం అనే అర్థమున్న లిప్ ధాతువు చూపించి లిపి శుద్ధ సంస్కృతం అని వాట్సాప్‌లో గుండెలు బాదుకునేవాళ్ళని పాణిని సూత్రంలో లిపి పక్కనే లిబి ఎందుకుందయ్యా అంటే మాట్లాడరు. పోనీ అంత ప్రేమ ఉన్నవాళ్ళు ఇంట్లో ఏమంటారు, "మా పాపకి తెలుగు స్క్రిప్ట్ రాదండీ" అంటారు.

అన్నట్టు రాతగాడికి పారసీలో దబీర్ అని పేరు, అదీ ఈ దిపి పిల్లే, హైదరాబాద్ పాతబస్తీలో దబీర్‌పురా బోర్డు కనబడితే మీవాడికి చూపించండి.