కరెంటు కట్ చేస్తామనే మెసేజ్ నిజమేనా?

"బిల్లు అప్‌డేట్ కాలేదు, ఈ రాత్రి 9.30కి కరెంటు కట్, వెంటనే ఆఫీసర్‌కి ఫోన్ చేయండి" అనే మెసేజ్ నిజమేనా అని అడిగారు. కాదు. 2022లోనే దేశమంతా తిరిగిన మోసం ఇది.

ఆ మెసేజ్‌లోని ఇంగ్లిష్ చదివితే నవ్వాగదు. వాక్యం మధ్యలో పెద్దక్షరాలు, ఎక్కడపడితే అక్కడ చుక్కలు. హాయిగా నవ్వుకోండి, కానీ భాష ఒక్కటే చూస్తే చాలదు. పంపింది మామూలు పదంకెల మొబైల్ నంబర్. మీ సర్వీస్ నంబరు గానీ, బాకీ ఎంతో గానీ అందులో ఉండదు. ఫోన్ చేస్తే ఒక యాప్ వేయించి, పది రూపాయలు కట్టమంటారు. అంతే, మీ స్క్రీన్ మొత్తం వాళ్లకు కనిపిస్తుంది, పిన్‌తో సహా.

ఇన్ని తప్పులతో ఎందుకు పంపుతారంటే, ఒక కారణం ఇది కావచ్చు. కోట్ల డబ్బులో వాటా ఇస్తామని ఆశపెట్టే నైజీరియా మోసపు ఈమెయిళ్లలోని నమ్మలేని కథలు జల్లెడలా పనిచేస్తాయని 2012లో మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కార్మాక్ హెర్లీ వివరించారు: అనుమానం వచ్చినవాళ్లు ముందే తప్పుకుంటారు, మోసగాడికి టైమ్ కలిసొస్తుంది.

డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.