స్టీరింగ్ బాక్సు బోల్టు విరిగితే

ప్రశ్న: మా నాన్నగారి పాత జీపుకు పవర్ స్టీరింగ్ పెట్టించాలని దగ్గర్లోని వర్క్‌షాపులో ఇచ్చాను. స్టీరింగ్ బాక్సును చాసిస్‌కు పట్టి ఉంచే నాలుగు బోల్టుల్లో రెండు సులువుగానే ఊడివచ్చాయి. మూడోదాని తల తెగిపోయి, కాడ లోపలే ఉండిపోయింది. నాలుగోది లోపలి నట్టుతో సహా ఊరికే తిరుగుతోంది తప్ప బయటికి రావడం లేదు. రెండు బోల్టులు వేసి, కొత్త బ్రాకెట్టును చాసిస్‌కు వెల్డింగ్ చేసేస్తే చాలునని మెకానిక్ అంటున్నాడు. ఒప్పుకోమంటారా?
— ఒక పాఠకుడు, తిరువాన్మియూరు, చెన్నై

సమాధానం: ఒప్పుకోకండి. బండి నిలిచి ఉండగా చక్రాలు తిప్పినప్పుడు స్టీరింగ్ బాక్సు చక్రాలను తిప్పే లింకును ఎంత బలంగా తోస్తుందో, అంత బలమూ తిరిగి చాసిస్ మీద పడుతుంది. ఇంతకాలం ఆ బలానికి మీ చేతుల శక్తే హద్దుగా ఉండేది. పవర్ స్టీరింగ్‌తో హైడ్రాలిక్ పంపు వచ్చాక ఆ హద్దు ఉండదు. చాసిస్ రేకు మాటిమాటికీ వంగుతుంటే పగులు సాధారణంగా వెల్డింగ్ అంచు దగ్గరే మొదలవుతుంది, పైగా రేపు బాక్సు విప్పవలసి వస్తే కట్టర్ తప్ప దారి ఉండదు.

మీ ఇల్లు సముద్రం పక్కనే కనుక బోల్టులు పట్టేయడంలో వింత లేదు. తుప్పు తాను తినేసిన ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, మరల మధ్య ఇరుక్కుని బోల్టును బిగించేస్తుంది. తుప్పులోకి ఇంకే పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేసి, మరునాడు సుత్తితో చిన్నగా తడుతూ మళ్ళీ కొట్టించాలి. స్పానర్‌కు పొడవాటి పైపు తొడిగి బలం చూపించడం వల్లే తలలు తెగుతాయి.

విరిగిన కాడ కొంచెమైనా పైకి కనిపిస్తుంటే, దాని మీద ఒక నట్టు పెట్టి, ఆ నట్టు రంధ్రంలోంచి కాడకు వెల్డింగ్ చేయించడం నా దృష్టిలో అన్నిటికన్నా మంచి ఉపాయం, ఎందుకంటే ఆ వేడికే తుప్పు పట్టు సడలుతుంది. కాస్త చల్లారాక ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఆడిస్తూ తీయాలి. కాడ చాసిస్‌తో సమంగా తెగి ఉంటే, ఆకురాయితో చదును చేసి, సరిగ్గా నడిమధ్య పంచ్ కొట్టి, సన్నని డ్రిల్లుతో మొదలుపెట్టి, ఆ తర్వాత ఎడమవైపు తిరిగే డ్రిల్లు బిట్టు వాడితే చాలాసార్లు కాడ దానంతటదే తిరిగి వచ్చేస్తుంది. విరిగిన కాడలోకి దిగి దాన్ని వెనక్కి తిప్పే ఎక్స్‌ట్రాక్టర్ జోలికి ఆఖరున మాత్రమే వెళ్ళమనండి: అది గట్టి ఉక్కు, లోపల విరిగిందంటే మామూలు డ్రిల్లుకు లొంగదు. ఏదీ పనిచేయకపోతే కాడను పూర్తిగా డ్రిల్లు చేసి మర కొత్తగా కోయాలి; ఎం10 (10 మిల్లీమీటర్ల) బోల్టుకు 8.5, ఎం12 (12 మిల్లీమీటర్ల) బోల్టుకు 10.2 మిల్లీమీటర్ల రంధ్రం మామూలు. పాత జీపుల్లో అంగుళాల మర ఉండవచ్చు కనుక మరల కొలత చూసే థ్రెడ్ గేజితో ముందే చూడాలి.

నాలుగో బోల్టు విషయానికి వస్తే, చాసిస్ లోపల నట్టును పట్టి ఉంచిన వెల్డింగ్ ఊడిపోయింది. పక్క రంధ్రంలోంచి చిన్న ఉలి దూర్చి నట్టు తిరగకుండా అదిమిపట్టి చూడవచ్చు, లేదంటే తల కోసేయడమే. ఆ తర్వాత చాసిస్ రెండు గోడలకూ అడ్డంగా మందమైన గొట్టం దూర్చి, చివరలు వెల్డింగ్ చేసి, అందులోంచి పొడవాటి బోల్టు వేయించండి. గొట్టం లేకుండా బిగిస్తే చాసిస్ నొక్కుకుపోతుంది. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగ విప్పించి, పెట్రోలు ట్యాంకు, బ్రేకు పైపులు ఎంత దూరంలో ఉన్నాయో మీరే స్వయంగా చూడండి. బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట మంట పెట్టనివ్వకండి, కొన్ని రకాల్లోంచి విషవాయువు పుడుతుంది.

కొత్త బోల్టులు జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కొనండి, పుదుపేట పాత సామాన్లలోంచి ఏరుకోవద్దు. పాతవాటి గ్రేడుకు తగ్గకుండా, తల మీద 8.8 లేదా 10.9 అని ఉన్నవే అడగండి. తుప్పు పట్టదు కదా అని మామూలు స్టెయిన్‌లెస్ వేస్తే బలం తగ్గుతుంది. ఎంత బిగించాలో కొలిచి చూపే టార్క్ రెంచితోనే బిగించి, తల మీదుగా బ్రాకెట్టు వరకు ఒక పెయింటు గీత గీయిస్తే, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టు కదిలిందీ లేనిదీ చూడగానే తెలుస్తుంది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ వాహన మార్పులకు సంబంధించినది కాబట్టి, డబ్బు కట్టేముందే ఆర్‌టీఓ కార్యాలయంలోనూ బీమా సంస్థలోనూ అడిగి తెలుసుకోండి.