కీబోర్డు భుజాన వేసుకున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

రెండు ఆర్కెస్ట్రాల్లో వాయిస్తున్నావని, మూడోవాళ్ళూ కబురు పెట్టారని అక్క ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! ఇరవై ఏళ్ళకు పైగా ఊరూరా కీబోర్డు మోసినవాణ్ణి కదా, చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి.

నలుగురి దగ్గర వాయించేవాడికి వేళ్ళ వేగం కంటే ముందు డైరీ కావాలిరా. వినాయక చవితికీ దసరాకీ అందరూ ఒకేసారి పిలుస్తారు. నువ్వు ఒప్పుకున్న తేదీకే ఇంకొకరు ఎక్కువిస్తామంటారు. వెళ్ళకు. ఒక పాటగాడు రాకపోతే మిగిలినవాళ్ళు సర్దుకుంటారు. కీబోర్డు రాకపోతే ఆ రాత్రి ప్రోగ్రామే లేదు. మాట తప్పాడన్న పేరు ఒక్క ఊళ్ళో పడితే చాలు, పక్క జిల్లాకు నీకంటే ముందే చేరుతుంది.

ఇక శ్రుతి సంగతి. పాటగాడు ఒకటిన్నర అంటే సి షార్ప్, పాడే అమ్మాయి ఐదున్నర అంటే జి షార్ప్. ఎవరిది ఏ శ్రుతో, ఏ పాట ఎంత దించాలో నోట్‌బుక్కులో రాసుకో. శ్రుతిని పైకీ కిందికీ జరిపే ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది కదా అని ధీమాగా ఉండకు. ఒక తిరునాళ్ళలో ముందు పాటకు రెండు పెంచి, సున్నాకు తేవడం మరిచిపోయాను. తరవాతి పాటలో గాయని వాయిద్యం లేకుండా సాకీ, అదే పల్లవికి ముందు వచ్చే ఆలాపన, అందుకుంది. ఎంత బాగా పాడిందో! పల్లవి దగ్గర నేను కార్డ్, అంటే కలిసి మోగే స్వరాలు, నొక్కగానే ఆమె గొంతు ఒకచోట, నా శ్రుతి ఇంకోచోట. ఆమె ఆగిపోయింది, మైదానమంతా గోల. నన్ను ఒక్కమాట అనలేదు. వ్యాన్‌లో మాత్రం ఊరొచ్చేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చుంది. ఆ రాత్రి నుంచీ ప్రతి పాట కాగానే డిస్‌ప్లేలో సున్నా కళ్ళారా చూసుకున్నాకే తల ఎత్తేవాణ్ణి.

బేస్ గిటార్ ఉన్న జట్టులో ఎడమచేతిని కింది స్వరాల నుంచి తప్పించు. లేకపోతే రెండూ కలిసి బురద బురదగా వినపడతాయి. ఇంకో కీబోర్డు ఉంటే స్ట్రింగ్స్, అంటే వయొలిన్ల మోత, ఎవరు, ఫ్లూట్ బిట్లు ఎవరు అన్నది స్టేజి ఎక్కకముందే తేల్చుకోండి.

పదిమంది దగ్గర వాయించడం చిన్నతనమని ఎవరైనా అంటే పట్టించుకోకు. రెహమాన్ చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకుని కీబోర్డు పట్టాడు. సంగీత దర్శకులు రమేష్ నాయుడు గారికీ, రాజ్-కోటిలకూ, ఇళయరాజాకూ వాయించాడు. మద్రాసులో రూట్స్ అనే బ్యాండులో డ్రమ్స్ వాయించే శివమణితో కలిసి వాయించాడు. 1992లో రోజా సినిమా వచ్చేనాటికి ఇన్ని చోట్ల విన్నదంతా ఆయన చెవుల్లో ఉంది. నువ్వూ అలా విను. ఒక్కో జట్టు తాళం ఒక్కోలా లాగుతుంది, ఆ తేడా పట్టుకో.

ఆషాఢంలో, మూఢాల్లో పెళ్ళిళ్ళుండవు. దసరా డబ్బులోంచి కొంత అప్పటికి దాచుకో. డిసెంబరులో చర్చి వాళ్ళు పిలిస్తే తప్పక వెళ్ళు, అక్కడ కార్డ్స్ చక్కగా కుదురుతాయి. అడాప్టర్ ఎవరిదీ అరువడగకు. ప్లస్, మైనస్ అందరివీ ఒకేలా ఉండవు, జనరేటర్ కరెంటును అసలు నమ్మలేం.

నా సస్టెయిన్ పెడల్, అదే కాలితో నొక్కితే స్వరం సాగేది, బస్సులో పంపిస్తున్నా. దాని మీద కాలు పెట్టి కీబోర్డు ఆన్ చేయకు. కొన్నిట్లో అది తిరగబడి, కాలు తీస్తే మోగుతుంది, నొక్కితే ఆగుతుంది. అలా అయితే కంగారుపడకుండా ఆపి, కాలు తీసి మళ్ళీ ఆన్ చెయ్యి.

మీ మామయ్య